ఆలోచనలు కలవని జంటకి కౌన్సెలింగ్ పనికొస్తుందా? మా బోరు గొడవ చెబుతాను

"ఆయనకు ఊరు ముఖ్యం, నాకు పిల్లల చదువు ముఖ్యం, విలువలే వేరైనప్పుడు కౌన్సెలింగ్‌కి వెళ్లి ఏం లాభం" అని అడిగావు కదా చెల్లీ. వెళ్లు. నేనూ అదే మాట అనుకుంటూ వెళ్లినదాన్నే.

మాది అనంతపురం, మా ఆయన సొంతూరు కళ్యాణదుర్గం వైపు. పొలంలో రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే లేచింది, అయినా మూడోది వేయిద్దామని ఆయన, ఆ డబ్బు పాప పేరు మీద బ్యాంకులో వేద్దామని నేను, రెండేళ్లు ఇదే గొడవ. మొదట కలిసిన కౌన్సెలర్ "సర్దుకుపోమ్మా" అని పంపేసింది. ఇంటికొచ్చి ఏడ్చాను.

రెండో ఆమె తప్పెవరిదని అడగలేదు. "బోరు అంటే మీకు ఏం గుర్తొస్తుంది?" అని ఆయన్ని అడిగింది. బండి తాళం చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. తను పదో తరగతిలో ఉండగా శనక్కాయ ఎండిపోతే మా మామ ఈయన్ని హాస్టల్లో వదిలి, ఇంటికి తాళం వేసి బెంగళూరుకు కూలికి వెళ్లారంట. పండక్కి పోదామన్నా తీసి ఉన్న ఇల్లు లేదు. పదకొండేళ్ల కాపురంలో నాకీ సంగతి తెలీదు. తర్వాత నన్నడిగింది, ఫీజు కట్టలేదని క్లాసు బయట నిలబెట్టిన రోజు గురించి చెప్పాను. అదీ ఆయనకు తెలీదు.

జంటల గొడవల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తీరనివేనని అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలో తేలిందని ఆమే చెప్పింది. అందుకే గాట్‌మన్ పద్ధతిలో ఎవరు గెలవాలన్నది కాదు, గొడవ వెనకున్న కల ఏమిటో ఒకరిదొకరు వినాలి. అంతా విన్నాక నాకు అర్థమైంది, ఇద్దరం భయపడింది ఒకదానికే, మళ్లీ దిక్కులేకుండా నిలబడాల్సి వస్తుందేమోనని.

ఇద్దరికీ సొంతమైన అలవాటు ఒకటి పెట్టుకోమంది. ఆదివారం పొద్దున ఫోన్లు పక్కన పడేసి ఉగ్గాని, బజ్జీ తింటూ డబ్బు సంగతులు మాట్లాడుకుంటాం, మిగతా రోజుల్లో ఆ మాట ఎత్తం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇదంతా తర్వాత, ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్.

ఇప్పుడు పాప ఫీజు ముందు తీసిపెట్టి, మిగిలినదాంతో ఊరి ఇంటి పైకప్పు బాగు చేయించాం. ఉగాదికి తాళం తీసి అక్కడే ఓళిగలు చేశాను. బోరు సంగతి ఇంకా తేలలేదు, వచ్చే ఆదివారం మళ్లీ కూర్చోవాలి.