ఏటీవీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ: నేనైతే ఏ బండికి తీసుకుంటాను, దేనికి తీసుకోను

కొత్త ఏటీవీ (రోడ్డు లేని చోట తిప్పే నాలుగు చక్రాల బండి) కొంటున్నానని, బురదలోనూ వాగుల్లోనూ బాగా తిప్పుతానని, ఎక్స్‌టెండెడ్ వారంటీ (ఫ్యాక్టరీ వారంటీ అయిపోయాక కూడా నడిచేలా విడిగా డబ్బు కట్టి కొనే ప్లాన్) తీసుకోవాలా వద్దా అని అడిగారు. పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయి, ప్లాన్ ఇచ్చేది బండి తయారుచేసిన కంపెనీయే అయితే కళ్లు మూసుకుని తీసుకోండి. పవర్ స్టీరింగ్ లేని సాదా బండి అయితే ఆ డబ్బు రిపేర్ల కోసం పక్కన పెట్టుకోండి. బయటి సంస్థ అమ్మే ప్లాన్ అయితే మాత్రం ఏ బండికీ వద్దు. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

కారు వారంటీ గురించి విన్నవన్నీ దీనికి పనికిరావు. పేరున్న కంపెనీల్లో చాలావాటి ఏటీవీలకు ఫ్యాక్టరీ వారంటీ 6 నెలలే. సెలవు రోజుల్లో మాత్రమే బండి తీసేవాళ్లకి ఆ 6 నెలల్లో అవర్ మీటర్ (ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపేది) పెద్దగా తిరగనే తిరగదు. లోపం ఏదైనా ఉంటే అది బయటపడేలోపే గడువు అయిపోతుంది. అందుకే ఈ ప్రశ్న మనకి ఇంత తొందరగా వస్తుంది.

మీలా బురదలో తిప్పేవాళ్ల బండికి ముందు పోయేవి ఏంటి? డ్రైవ్ బెల్టు, బ్రేక్ ప్యాడ్లు, బుష్‌లు, యాక్సిల్ జాయింట్ల మీద రబ్బరు బూట్లు, అంటే తొడుగులు. బూటు చిరిగితే గ్రీజు కారిపోతుంది, ఇసుక చేరుతుంది, జాయింటు అరిగిపోతుంది. ఇవన్నీ వాడకంతో అరిగే సామాన్లని చాలా ప్లాన్లలో ముందే తీసేస్తారు. ఇంజిన్లోకి నీళ్లు వెళ్తే అదీ కవర్ కాదు. కవర్ అయ్యేవి ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే గేర్లు), వైరింగ్, ఫ్యూయల్ పంపు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), పవర్ స్టీరింగ్ యూనిట్. వీటిలో ఆ చివరిది పోతే విప్పి బాగుచేయడం దాదాపు ఉండదు, యూనిట్ మొత్తం మార్చేస్తారు. బిల్లు వింటే గుండె గుభేలుమంటుంది. నేను పవర్ స్టీరింగ్‌నే లెక్కలోకి తీసుకోవడానికి కారణం అదే.

నా బండికి అదే పోయింది. ఫ్యాక్టరీ వారంటీ అయిపోయి, ఎక్స్‌టెండెడ్ నడుస్తోంది. రాళ్ల దారిలో ఎక్కుతుంటే డిస్‌ప్లే మీద హెచ్చరిక లైటు వెలిగింది, మరుక్షణం హ్యాండిల్ బండలా బిగుసుకుపోయింది. ముందు చక్రం రాయికి తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా మణికట్టులోకి వచ్చేది. కిందికి దిగేసరికి భుజాలు లేవలేదు.

సర్వీస్ సెంటర్లో మెకానిక్ స్టీరింగ్ యూనిట్ కనెక్టర్ పీకి చూపించాడు. పిన్నుల మీద పచ్చగా చిలుము. "నీళ్లలో ముంచారు సార్, క్లెయిమ్ రాదు" అని కాగితం రాయబోయాడు. నేను ఒప్పుకోలేదు. నీళ్లు అంత ఎత్తుకి వచ్చుంటే మిగతా చోట్ల కూడా ఉండాలి కదా, చూద్దాం అన్నాను. ఇంజిన్‌కి గాలి వెళ్లే ఎయిర్ బాక్స్ తెరిపించాను, ఫిల్టరు పొడిగా ఉంది. బెల్టు కవర్ విప్పించాను, లోపల నీటి మరక కూడా లేదు. డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీయిస్తే, నీళ్లు కలిసినప్పటిలా పాలలా తెల్లబడలేదు, మామూలుగానే ఉంది. అప్పుడు ఆయన కనెక్టర్‌ని మళ్లీ లైటు కింద పెట్టి చూశాడు. లోపలి రబ్బరు సీలు ఒక పక్క మడతపడి ఉంది. ఫ్యాక్టరీలో బిగించినప్పుడే సరిగ్గా కూర్చోలేదు, ఆ సందులోంచి చెమ్మ చేరింది. ఆ కనెక్టర్ని ఎవరూ ముట్టుకున్న గుర్తులు కూడా లేవు. ఫోటోలు తీశాడు, నా సర్వీస్ బిల్లులన్నీ జతచేశాడు, పైకి పంపాడు. క్లెయిమ్ పాసయింది. మినహాయింపు మొత్తం (క్లెయిమ్‌లో మన వాటాగా కట్టాల్సింది) కట్టి బండి తెచ్చుకున్నాను.

ఆ బిల్లుల మీద తేదీతో పాటు అవర్ మీటర్ రీడింగ్ రాయించి ఉండడం వల్లే పని జరిగిందని నా గట్టి నమ్మకం. ఆయిల్ మీరే ఇంట్లో మార్చుకున్నా సరే, ఆయిలు, ఫిల్టరు కొన్న రసీదులు దాచండి, రీడింగ్ ఫోటో తీసుకోండి. మొదటి సర్వీసు మాత్రం అస్సలు తప్పించకండి. క్లెయిమ్ వచ్చినప్పుడు వాళ్లు ముందు అడిగేది అదే.

ఇంకో మాట, ప్రెషర్ వాషర్. బురదంతా పోవాలని నాజిల్ దగ్గరగా పెట్టి కొడతారు, ఆ నీళ్లు సీళ్లు దాటి బేరింగుల్లోకి, కనెక్టర్లలోకి దూరతాయి. వాగులో పాడవని బండ్లు కడిగే చోట పాడవుతున్నాయి. రేడియేటర్ రెక్కలు కూడా ఆ దెబ్బకి వంగిపోతాయి. మామూలు పైపుతో నానబెట్టి కడగండి, కొంచెం ఓపిక కావాలి, అంతే.

పెద్ద టైర్లు, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేసే ఆలోచన ఉంటే ప్లాన్ కొనకముందే చెప్పి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. పెద్ద టైర్లు వేశాక యాక్సిల్ విరిగితే తప్పు టైర్ల మీదకి నెట్టేస్తారు. బయటి సంస్థల ప్లాన్లు వద్దనడానికి కారణం కూడా ఇలాంటి వాదనే. లేబరుకి ఇంతే ఇస్తామని పరిమితి, ముందు మీరు కట్టండి తర్వాత తిరిగిస్తామనే షరతు. ఇటు సర్వీస్ సెంటర్ వాడికీ, అటు ఫోన్లో ఎవరికో ఇద్దరికీ మీరు సమాధానం చెప్పుకోవాలి.

ఇక అమ్మే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బండి తాళం చేతికిచ్చే ముందు, సంతకాల మధ్యలో ఈ కాగితం పెడతారు, లోన్లో కలిపేద్దాం నెలకి కొంచెమే అంటారు. కలిపితే వారంటీ మీద కూడా వడ్డీ కడతారు. ఆ రోజే తీసుకోవాలన్న తొందర ఏమీ లేదు. ఫ్యాక్టరీ వారంటీ నడుస్తున్నంత కాలం తర్వాతైనా కొనుక్కునే వీలు చాలా కంపెనీలు ఇస్తాయి. మీ కంపెనీది అడిగి ఖాయం చేసుకుని, ఈలోపు బండి బాగా తిప్పండి. ప్లాన్ షరతుల పూర్తి కాపీ ఇంటికి తెచ్చుకుని మూడు విషయాలు చూడండి: మినహాయింపు మొత్తం ప్రతి లోపానికా లేక వెళ్లిన ప్రతిసారికా, బండి అమ్మితే కొన్నవాళ్లకి బదిలీ అవుతుందా, మధ్యలో రద్దు చేస్తే డబ్బు ఎంత తిరిగొస్తుంది. కాపీ ముందు ఇవ్వం, సంతకం పెట్టాకే ఇస్తాం అన్న చోట ప్లాన్ తీసుకోవద్దు.