స్పైక్ గార్డ్‌ను నమ్ముకుంటే రిసీవర్ దక్కదు

హోమ్ థియేటర్‌కి స్పైక్ గార్డ్ (పోట్లను ఆపే ఎక్స్‌టెన్షన్ బోర్డు) సరిపోతుందా, స్టెబిలైజర్ కూడా కొనాలా అని అడిగారు. ఆ రెండూ తర్వాతి మాట. మన ఇళ్లలో రిసీవర్లకీ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) సబ్‌వూఫర్లకీ రోజువారీ హెచ్చుతగ్గుల కంటే పెద్ద ముప్పు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగడం.

ఈదురుగాలికి కొబ్బరి మట్ట తీగల మీద పడి వీధి న్యూట్రల్ తెగిందనుకోండి. వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు వరసలో ముడిపడి, ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. ఏసీలు, గీజర్లు నడుస్తున్న వైపు 100కి పడిపోతే, టీవీ, రెండు బల్బులు మాత్రమే వేసుకున్న వైపు 300 వస్తుంది. బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతాయి, ఫ్యాను గిరగిరా తిరుగుతుంది, అంతలో టప్‌మని శబ్దం, మాడు వాసన. పవర్ బోర్డులోని పెద్ద కెపాసిటర్ మీద సాధారణంగా 400 లేదా 450 వోల్టులని ఉంటుంది. 300 వోల్టుల ఏసీ కరెంటు, లోపల డీసీగా మారేసరికి 424 అవుతుంది, 400 రాసినదానికి అది హద్దు దాటినట్టే. తల ఉబ్బి పేలేది అందుకే. త్రీఫేజ్ మీటరుంటే తీగ తెగక్కర్లేదు, మెయిన్ దగ్గర న్యూట్రల్ స్క్రూ వదులైనా ఇదే తంతు.

స్పైక్ గార్డ్‌లో ఉండే ఎంఓవీ (ఎక్కువ వోల్టేజీని మింగే భాగం) బిళ్ల, సెకనులో లక్షల వంతు సేపు వచ్చే పోటును మింగడానికే. 300 వోల్టులు అలాగే నిలబడితే అది ఆపలేదు, ముందు అదే కాలిపోవచ్చు. చాలావాటిలో ఆ తర్వాత కూడా ఎర్రలైటు వెలుగుతూనే ఉంటుంది, బిళ్ల పోయిందని మీకు తెలీదు.

కాబట్టి ముందు డీబీలో (ఇంటి మెయిన్ స్విచ్‌బోర్డు పెట్టె) ఎంసీబీల (ఫ్యూజుల బదులు ఉండే స్విచ్‌లు) పక్కన, వోల్టేజ్ మరీ పెరిగినా తగ్గినా కరెంటు ఆపేసే ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించండి. పై కటాఫ్ 265 వోల్టులు, కింది కటాఫ్ 175, కరెంటు తిరిగొచ్చాక ఆలస్యం 60 సెకన్లు; అదే లైన్లో ఫ్రిజ్, ఏసీ ఉంటే 180. కొనేటప్పుడు 400 వోల్టులు తనే తట్టుకుంటుందో లేదో చూడండి, లేకపోతే కాపలాదారే ముందు పోతాడు.

స్టెబిలైజర్ సంగతి లేబుల్ చెబుతుంది. వెనక 100-240 అని ఉంటే తక్కువ వోల్టేజీకి భయం లేదు. 230 మాత్రమే రాసున్న రిసీవర్‌కీ, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సబ్‌వూఫర్‌కీ కావాలి, అదీ 1 కేవీఏ (వెయ్యి వోల్ట్-ఆంపియర్ల) సామర్థ్యమున్నది. గోడకి తగిలించే చిన్న టీవీ స్టెబిలైజర్‌కి థియేటరంతా తగిలించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

అంతకంటే మండేది, ఎర్త్ లేదని సాకెట్లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి లింకు కొట్టే ఎలక్ట్రీషియన్లు. న్యూట్రల్ తెగిన రోజు రిసీవర్ ఇనుప బాడీ ముట్టుకుంటే ప్రాణమే పోవచ్చు. ఎర్త్‌ని మల్టీమీటర్‌తో చూసి ఊరుకోకండి, నీరసంగా ఉన్నా అది 230 చూపిస్తుంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల ఫిలమెంటు బల్బు నిండుగా వెలగాలి. ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే ఆపేసే స్విచ్) ఉంటే అది పడిపోతుంది, అది మామూలే. ఎర్త్ చెడి ఉంటే ఈ పరీక్ష చేసేటప్పుడు అన్ని బాడీలకీ షాకొస్తుంది కాబట్టి ప్లగ్గులన్నీ తీసేసి, తెలిసినవాళ్ల చేతే చేయించండి.

ఉరుములప్పుడు మాత్రం ఇవేవీ లెక్కకి రావు. పవర్ ప్లగ్గుతో పాటు డిష్ కేబుల్ కూడా సెట్‌టాప్ బాక్స్ నుంచి ఊడదీయండి. మెరుపు ఆ తీగలోంచి వచ్చి హెచ్‌డీఎంఐ గుండా రిసీవర్‌లోకి పోతుంది.