మాట్లాడిస్తే నాన్నగారి నడక ఆగిపోతోంది

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాన్నగారికి 63 ఏళ్లు. ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇప్పుడు కర్ర సాయంతో కాలువ గట్టు మీద నడుస్తున్నారు. దారిలో ఏదైనా అడిగితే టక్కున ఆగిపోతారు. మొన్న కొబ్బరి దింపు లెక్క అడిగితే, చెప్పబోయి కాలు తట్టుకుని పడబోయారు. మతి తగ్గిందంటారా?

సమాధానం: ఇంతమాత్రానికే మతి తగ్గిందనుకోకండి. ఆగి జవాబు చెప్తున్నారంటే ఆయన జాగ్రత్త పడుతున్నట్టే. మనకైతే నడక మీద ధ్యాస అక్కర్లేదు, కబుర్లు చెప్పుకుంటూ సెంటర్ దాకా వెళ్లిపోతాం. పక్షవాతం వచ్చినవాళ్లు పాదం ఎత్తడం, మోకాలు వంచడం, కర్ర ఆనించడం అన్నీ ఆలోచించి చేయాలి. అదే సమయంలో వెయ్యి కాయ ఎంతకు అడిగారో, ఎన్ని దిగాయో లెక్క కట్టమంటే ఏదో ఒకటి తప్పుతుంది. మొన్న అడుగు తప్పింది, అంతే.

ఇంట్లో ఒకటి చేసి చూడండి. కుర్చీలో కూర్చోబెట్టి 50 నుంచి మూడేసి తగ్గిస్తూ చెప్పమనండి. కూర్చుని చెప్పగలిగి, నడుస్తున్నప్పుడే తడబడితే ఇబ్బంది రెండు పనులూ కలిసినప్పుడే అని అర్థం. కూర్చున్నా తడబడితే న్యూరాలజిస్టుకు చూపించండి. కుడివైపు పడిందంటే దెబ్బ సాధారణంగా మెదడు ఎడమవైపు తగిలి ఉంటుంది. చాలామందికి మాట నడిపించేది కూడా ఆ వైపే. లెక్క వచ్చినా మాట పెగలకపోవచ్చు, దాన్ని మతిమరుపు అనుకుని ఇంట్లోవాళ్లు విసుక్కుంటుంటారు.

రెండు పనులూ కలిపి చేయడం సాధనతో మెరుగుపడుతుంది. కానీ గట్టు మీద మాత్రం వద్దు. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క బైకులు, వాన పడితే జారుడు. అక్కడ మాట్లాడాల్సి వస్తే ఆగి మాట్లాడాలి. ఫిజియోథెరపిస్టు సరేనంటే వసారాలో మొదలుపెట్టండి. కర్ర ఎడమ చేతిలో ఉండాలి, మీరు కుడిపక్కన కాస్త వెనగ్గా నిలబడండి. ముందు వారాల పేర్లు, అవి కుదిరాక అవే వెనక నుంచి, ఆ తర్వాతే లెక్కలు. మాట కష్టమైతే ఖాళీ గ్లాసు చేతికిచ్చి నడవమనవచ్చు, అదీ ఎడమ చేతికి కర్ర అక్కర్లేనంత నిలకడ వచ్చాకే. అడుగు తడబడితే ప్రశ్న ఆపేయండి. కాలు మాటిమాటికీ తట్టుకుంటుంటే పాదం వాలిపోకుండా స్ప్లింట్ అవసరమేమో అడగండి.

నడక ఉన్నట్టుండి పాడైనా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది వేరే సంగతి, మళ్లీ పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ అవసరమైతే, లక్షణాలు మొదలయ్యాక మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మీ ఊరి నుంచి పెద్దాసుపత్రికి పట్టే టైమూ అందులోదే.