స్టూడియో ఫ్లాష్ వల్ల పసిపిల్లల కళ్లు దెబ్బతింటాయా?

దెబ్బతినవు, ఫ్యామిలీ ఫొటో కోసం మామూలుగా వాడే స్టూడియో ఫ్లాష్ పసిపాపల చూపుకు కూడా హాని చేయదు.

వెలుతురు కంటికి హాని చేయాలంటే అది చాలా తీవ్రంగా ఉండాలి, లేదా ఎక్కువసేపు పడాలి. ఫ్లాష్ వెలిగేది సెకనులో సుమారు వెయ్యో వంతు, అంటే రెప్ప పడేలోపే ఆరిపోతుంది. పైగా స్టూడియోలో దాన్ని నేరుగా కొట్టరు. సాఫ్ట్‌బాక్స్ (లైటుకి తొడిగే పెట్టె) తెల్లగుడ్డలోంచో, లైటు ముందు పెట్టే గొడుగు మీద నుంచో వెడల్పుగా పరుచుకుని వస్తుంది. తర్వాత కళ్లముందు మచ్చలా కనిపించేది, రెటీనాలో (కంటి వెనుక పొరలో) వెలుతురును పట్టే పదార్థం కాసేపు తగ్గడం వల్లే. అది మళ్లీ తయారవగానే మచ్చ పోతుంది.

అన్నప్రాశన ఫొటో తీస్తున్నారనుకోండి. అమ్మ ఒళ్లో పాప, పక్కగా ఐదారు అడుగుల దూరంలో సాఫ్ట్‌బాక్స్. ఫ్లాష్‌కి పాప ఉలిక్కిపడి ఏడ్చినా అది భయమే, నొప్పి కాదు. (ఫిట్స్ ఉన్న పిల్లలైతే మాత్రం ముందే డాక్టర్‌ని అడగాలి.)

చాలామంది పొరపడేది ఫొటోలో కళ్లు ఎర్రగా వచ్చినప్పుడు. అది గాయం కాదు. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలుతురు, రక్తనాళాలున్న కంటి వెనుక పొర మీద పడి తిరిగి వచ్చిన రంగు. స్టూడియోలో లైటు కెమెరాకు దూరంగా ఉంటుంది కాబట్టి ఇది అరుదు. కానీ ఒక కంటిపాప పదేపదే తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కి చూపించాలి. అది ఫ్లాష్ వల్ల వచ్చింది కాదు గానీ, పుట్టుకతో వచ్చిన శుక్లమో, రెటీనాలో కణితో అయి ఉండొచ్చు.