జట్టు ఊరు మారితే దాని చరిత్ర కూడా వెళ్లిపోతుందా?

సాధారణంగా వెళ్లిపోతుంది; అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పేరు, రంగులు, రికార్డులు జట్టు వెంటే నడుస్తాయి. గ్రీన్ బే ప్యాకర్స్ తప్ప అక్కడి జట్లన్నీ ప్రైవేటు యజమానుల ఆస్తి కావడమే కారణం. క్లీవ్‌లాండ్ నగరం మాత్రం ఊరుకోలేదు. 1995లో యజమాని అక్కడి బ్రౌన్స్ జట్టును బాల్టిమోర్‌కు తరలించబోతే కోర్టుకెక్కి, చివరికి 1996లో రాజీలో పేరును, రంగులను, చరిత్రను తనవద్దే నిలుపుకుంది. వెళ్లిన ఆటగాళ్లు రేవెన్స్ అనే కొత్త జట్టయ్యారు. 1999లో బ్రౌన్స్ మళ్లీ మైదానంలోకి దిగింది. తరతరాలుగా వెంట నిలిచిన అభిమానులకు కనీసం ఈ మాత్రం న్యాయం జరగాలి. యజమాని తలచుకుంటే చాలు, జట్టు కదులుతుందని చాలామంది అనుకుంటారు. కానీ లీగ్ నిబంధనల ప్రకారం 32 జట్లలో కనీసం 24 జట్లు ఒప్పుకోవాలి.