ముందు గది, తర్వాతే మైకు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఇంట్లోనే కీర్తనలు రికార్డు చేసుకోవాలని ఇరవై వేలు కూడబెట్టానని, ఏ మైకు కొనాలో చెప్పమని రాశావు. ఇప్పుడే ఏదీ కొనకమ్మా. ముందు గది చూసుకో.

నీ గొంతుతో పాటు గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దమూ మైకులోకి వెళ్తుంది. ఆ గింగురు ఒకసారి పాటలో కలిసిపోతే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని పూర్తిగా తీయలేదు. ఖాళీ గోడలు, నున్నటి టైల్స్ ఉన్న మీ హాలు ఇందుకు పనికిరాదు. పరుపు ఉన్న పడకగదికి మారు. బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల వైపు వీపు పెట్టి పాడు. మైకు ముఖం నీ వైపే ఉంటుంది కాబట్టి నీ వెనక గోడ నుంచి వచ్చే శబ్దమే దానికి ఎక్కువగా అందుతుంది. ఆ శబ్దాన్ని బట్టలు మింగేస్తాయి. గోడకు కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరు చెప్పినా వినకు, వాటివల్ల ఒరిగేదేమీ లేదు. పల్చటి ఫోమ్ కూడా పై శ్రుతులను కాస్త తగ్గించి, మంద్రాన్ని అలాగే వదిలేస్తుంది. మందపాటి బొంతలు రెండు వేలాడదీస్తే అంతకన్నా మేలు.

ఫ్యాను, ఏసీ ఆపక తప్పదు. విజయవాడ ఎండల్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే తెల్లవారుజామున సాధన ముగించుకుని, వీధిలో బండ్ల రొద మొదలయ్యేలోపు పాడు.

ఇవన్నీ సరిచూసుకోవడానికి నీ ఫోను చాలు. చోటు మార్చినప్పుడల్లా ఒకే పల్లవి రికార్డు చేసి విను.

గది కుదిరాక డబ్బు తియ్యి. చాలామంది కండెన్సర్ మైకు కొనమంటారు. గమకాల్లోని సున్నితత్వాన్ని అది బాగా పట్టుకుంటుంది. కానీ పక్కింటి కుక్కర్ కూతనూ అలాగే పట్టుకుంటుంది, పైగా దానికి 48 వోల్టుల విద్యుత్తు అందించాలి. నీ అపార్ట్‌మెంటుకు నేను అంత సున్నితం కాని డైనమిక్ మైకే చెబుతాను. షూర్ సంస్థ 1966లో తెచ్చిన ఎస్‌ఎం58 ఇప్పటికీ దొరుకుతోంది. దగ్గరగా నిలబడి పాడితే అందులోకి గది శబ్దం తక్కువగా వస్తుంది. దానితో పాటు మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే ఒక చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు తీసుకో. సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు పెట్టకు, ఆడాసిటీ ఉచితమే.

తంబుర యాప్‌ను స్పీకర్‌లో పెట్టకు. శ్రుతి నీ గొంతుతో కలిసి రికార్డయితే, అనుపల్లవిని ఒక రికార్డింగు నుంచి, చరణాన్ని మరొకదాని నుంచి తీసి అతికించినప్పుడు ఆ అతుకు వినిపిస్తుంది. హెడ్‌ఫోన్లలోనే విను. నీ గొంతు నీకు నేరుగా వినబడాలంటే ఒక చెవి మీది గిన్నెను వెనక్కి జరిపి తలకు ఆనించుకో; గాలిలో వదిలేస్తే శ్రుతి అందులోంచి మైకులోకి వస్తుంది.

తారస్థాయిలో నువ్వు గట్టిగా అందుకునే సంగతిని ముందు ఒకసారి పాడి, అది ఆడాసిటీలో శబ్దస్థాయి చూపే మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (ఇంటర్‌ఫేస్ మీద మైకు శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) సర్దుకో. సున్నా దాటితే శబ్దం చిట్లిపోతుంది, ఆ పాట మళ్ళీ పాడాల్సిందే. సన్నని శబ్దాన్నీ వివరంగా నమోదు చేసే 24 బిట్‌లో రికార్డు చేస్తే లెవెల్ తగ్గిందన్న బెంగ అక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. సన్నగా హమ్ వినిపిస్తే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద ప్రయత్నించు.

మొదటి కీర్తనను కుదించని వేవ్ ఫైలుగానే నాకు పంపు. రివర్బ్ (సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్రతిధ్వని) వేయకు, నీ గది ఎలా పలుకుతోందో నేను వినాలి.

నీ మామయ్య