అల్లుడికి ఉత్తరం: బెట్ట చేనికి ఏ కూరగాయలు

అల్లుడా,

రెండెకరాల ఎర్ర గరుసు నేలలో హైబ్రిడ్ టమాటా పెడతానన్నావు. బోరు ఒకటిన్నర ఇంచు పోస్తోందన్నావు. ఆత్రపడొద్దు నాయనా. అనంతపురం వాన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లే, అందులోనూ నడిమధ్య బెట్ట తప్పదు. ప్యాకెట్ మీద దిగుబడి ఎంత రాసినా సరే, వేరు ఎంత లోతుకు దిగుతుందో కనుక్కున్నాకే విత్తనం కొను.

ఒక ఏడు ఆరుద్రలో పడ్డ వాన మళ్లీ ఇరవై రోజులు కనపడలేదు. నర్సరీ నుంచి తెచ్చి నాటిన నా టమాటా పూతంతా రాల్చేసింది. గట్టు పక్కన వేసిన రెండు సాళ్ల గోరుచిక్కుడు మాత్రం పచ్చగా ఉంది. రెండూ పెరికి చూశాను. టమాటా వేరు ట్రేలో చుట్టుకున్నట్టే పిడికెడు ఉండలా ఉంది. గోరుచిక్కుడు తల్లివేరు జానెడు దాటి నిటారుగా దిగి, కొస తెగి నేలలోనే ఉండిపోయింది. తెగిన చోట తడిమట్టి అంటుకుని ఉంది.

అందుకే ఒక ఎకరం గోరుచిక్కుడు వెయ్యి. పూసా నవబహార్ రకం కాయ నున్నగా ఉంటుంది, సంతలో అడిగి కొంటారు. రెండో ఎకరంలో నాటు రకం అనప, అదే చిక్కుడు జాతి అనుములు. అది పొద్దు కురచయ్యాకే పూతకొస్తుంది. ఆగస్టులో వాన ముఖం చాటేసినా రాలడానికి పూత ఉండదు. తీగ ఆగి, పదును తగలగానే మళ్లీ సాగుతుంది. ధనుర్మాసం మంచుకు కాయ నిండుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్ అనపలోనే పొట్టి రకం, ఏ కాలమైనా కాస్తుంది. బోరు దగ్గర నాలుగు సాళ్లకు బాగుంటుంది గానీ చేనంతా అదే వద్దు. పూసే రోజుల్లో వాన తప్పితే కోలుకునే వ్యవధి దానికి తక్కువ.

టమాటా మీద మనసు పోతే పది సెంట్లలో అర్క మేఘాలి పెట్టు. వర్షాధారానికని తీసిన రకమే. నారు నాటకుండా గింజ విత్తి, తర్వాత పలచన చెయ్యి. బోరు నీళ్లు పూత, పిందె రోజులకు దాచు.

అనప విత్తనం కొనొద్దు. మీ అత్త వేపాకు కలిపి బానలో పెట్టింది. వాన పడేలోపు వచ్చి పట్టుకుపో.

మీ మామ